రాయైన యెముకలు: వానిని వెదకుట, చిత్రించుట



పూర్వయుగములనాటి జంతువుల యెముకలు ఎచ్చట దొరకును, చిత్రలేఖనము నేర్చుకొను పిల్లలు వానిని ఎట్లు చూచి గీయవలెను అను విషయమును గూర్చి నేడు కొంత మనవి చేసెదను. నేను ముప్పది సంవత్సరములకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు, సంస్కృతము చెప్పినవాడను. చిత్రలేఖనమునకు ఉపాధ్యాయుడు లేని సంవత్సరములలో ఆ గంటలు కూడ నా నెత్తిననే పడినవి. ఉద్యోగవిరమణానంతరము ఇప్పుడును సాయంకాలములందు మా వీథియరుగుమీద నలుగురైదుగురు పిల్లలు కాగితములు పట్టుకొని చేరుదురు. వారికి ఎద్దు అక్కరలేదు, ఏనుగు అక్కరలేదు. రాక్షసబల్లి కావలెను. సినిమాలోనో, చేతిలోని ఫోనులోనో కనబడిన బొమ్మను చూచి గీయుదురు. ఆ బొమ్మను వేసినవాడు అంతకుముందు మరియొకడు వేసిన బొమ్మను చూచియుండును. ఇట్లు బొమ్మకు బొమ్మ పుట్టుచు పోవగా, అసలు జంతువునకు కాలికి వ్రేళ్లెన్ని యని యడిగినచో చెప్పగలవాడు లేడు. కావున మూలమును చూచి గీయుడని వారికి చెప్పుచుంటిని. ఇచ్చట మూలమనగా ఎముక.

ఈ మాట మా యూరి పెద్దలలో నొకరికి రుచింపలేదు. నిత్యదేవతార్చన గల గృహస్థు, నాకంటె వయస్సున పెద్దవారు. అరుగు నొద్దకు వచ్చి, “పంతులుగారూ, మా మనుమనిని బొమికలు గీయుమంటిరట. శుభమా అని పసివాడు బొమ్మ వేసికొనుచుండగా ఈ శల్యము లెందుకండీ?” అని యడిగిరి. “అయ్యా, తమ అర్చనపెట్టెలో సాలగ్రామ మున్నదా?” అంటిని. “లేకేమి? మా తాతగారు తెచ్చినది, రోజును అభిషేకము చేయుచునే యున్నాను” అనిరి. “అట్లయిన తమ మనుమడు గీయబోవునది అటువంటి శిలనే” అని చెప్పి, కూర్చుండబెట్టి, ఇప్పుడు తమకు చెప్పబోవునదే వారికిని చెప్పితిని.

సాలగ్రామము నేపాళదేశమున గండకీనదిలో దొరకునని అందరెరుగుదురు. ఆ నల్లని రాతిలో కనబడు చక్రము ఒక సముద్రప్రాణి గుల్ల. దానిని శాస్త్రజ్ఞులు అమ్మొనైటు అందురు. హిమాలయము లేవకముందు ఆ ప్రదేశము సముద్రగర్భము. పది కోట్ల యేండ్లకు పైబడిన కాలమున ఆ ప్రాణి చచ్చి బురదలో పడినది, బురద గట్టిపడి రాయైనది, భూమి ముడుతపడి ఆ సముద్రపు అడుగే పర్వతమైనది. వాన కొండను కోయగా రాయి దొర్లి నదిలోనికి వచ్చినది. ఈ జాతి ప్రాణి యిప్పుడు ఏ సముద్రమునను లేదు, సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లక్రిందట నిశ్శేషముగా నశించినది. అందు భగవత్సన్నిధి యను విషయమునకు శాస్త్రము వేరు, దానిని నేను నేడు ముట్టుకొనను. దానివలన భక్తికి వచ్చిన లోపమును లేదు. రాయి చరిత్ర మాత్రము ఇది.

ఎముక సంగతియు ఇటువంటిదే. జంతువు చచ్చి బయలుననే పడియున్నచో నక్కలు, ఎండ, వాన కలిసి కొన్ని యేండ్లలో దానిని రూపుమాపును. వరద వచ్చి ఒండ్రుతో కప్పినచో అది మిగులును. ఎముకలో జల్లెడవలె సన్నని రంధ్రములున్నవి. నేలలో నూరు నీటియందు కరిగియున్న ఖనిజములు ఆ రంధ్రములలో పేరుకొని, క్రమముగా ఎముకయొక్క ద్రవ్యమునకు బదులు తామే నిలుచును. ఆకారము ఎముకది, పదార్థము రాతిది. వ్రేలితో తట్టిన రాయివలెనే పలుకును. కావున అశౌచమునకు ఇందు తావు లేదని నా యభిప్రాయము. దీనినే మనవారు శిలాజము అనుచున్నారు. శిలయందు పుట్టినదని గాక, శిలగా మారినదని యర్థము చెప్పుకొన్నచో సరిపోవును.

ఇట్టి శిలాజములు దూరదేశములందే కలవని పిల్లలు తలంచుచున్నారు. పెద్దలును అట్లే తలంచుచున్నారు. కాళేశ్వరము చూచినవారు మీలో ననేకులు ఉందురు. 2022లో ప్రాణహిత పుష్కరములకు పోయినవారును ఉందురు. అచ్చట ప్రాణహిత గోదావరిలో కలియును, ఆవలి గట్టున సిరొంచ కనబడును. మీరు స్నానము చేసిన ఆ నదీలోయయే భారతదేశమున పురాతన జంతువుల యెముకలకు పెద్ద భాండారము. సిరొంచకు ఎగువను ప్రాణహిత యొడ్డున కోట అను చిన్న గ్రామమున్నది. దాని పేరనే అచ్చటి రాతిపొరలకు కోట పొరలని ప్రపంచమందంతటను పేరు. ఆదిలాబాదు ప్రాంతపు మాలేరి గ్రామము పేర మరియొక పొర, అది యింకను పాతది, సుమారు 22 కోట్ల యేండ్లనాటిది. స్టీఫెన్ హిస్లాప్ అను మతప్రచారకుడు 19వ శతాబ్దమున ఈ పొరలయందు శ్రమించి యెముకలు సంపాదించెను. మొసలిని బోలిన యొక జంతువునకు 1885లో లిడెక్కర్ అను శాస్త్రజ్ఞుడు పారాసూకస్ హిస్లోపై అని ఆతని పేరే పెట్టెను. తరువాతి కాలమున మాలేరి పొరలలో ఈ జాతి జంతువులు రెండు జంటగా దొరకినవి. వాని యుదరప్రదేశములో అవి మ్రింగిన చిన్నజంతువుల యెముకలు నిలిచియున్నవి. ఆ చిన్నజంతువునకు 1980లో మాలేరిసారస్ అని పేరు పెట్టిరి. తిన్నది, తినబడినది, రెండును ఒకే రాతిలో! ఇంతకంటె చిత్రమునకు తగిన వస్తువు ఏది?

కోట పొరలనుండి వచ్చిన పెద్దజంతువు పేరు బరపాసారస్ టాగోరై. కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన మహలనోబిస్‌గారు లండనునుండి పమేలా రాబిన్‌సన్ అను విదుషీమణిని రప్పించి భూగర్భశాస్త్రశాఖను ఏర్పరచిరి. ఆ శాఖవారు సిరొంచ తాలూకాలోని పోచంపల్లి యొద్ద త్రవ్వగా, ఆరింటికి తక్కువ కాని జంతువులయొక్క యెముకలు సుమారు 300 బయటపడినవి. తొడయెముక యొక్కటియే ఐదున్నర అడుగులు. వంగభాషలో ‘బర’ యనగా పెద్ద, ‘పా’ యనగా కాలు. ‘సారస్’ గ్రీకుమాట, బల్లి యని యర్థము. త్రవ్వకము ముమ్మరముగా సాగిన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరము గనుక చివర ఆయన పేరు చేర్చిరి. ‘టాగోరై’ యనునది లాటినులో షష్ఠీవిభక్తి. వంగము, గ్రీకు, లాటిను ఈ మూటిని ఒకటిగా కుట్టిన యీ పేరును మా గురువుగారు వినియుండినచో వైరిసమాసమని బెత్తము పుచ్చుకొనియుందురు. ఈ పేరు 1975లో ప్రకటింపబడినది. జంతువు పొడవు సుమారు 46 అడుగులు. కలకత్తా పోగలిగినవారు ఆ సంస్థలోని భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలలో దాని కంకాళమును చూడవచ్చును.

అంత దూరము పోలేనివారికి హైదరాబాదు చాలును. బిర్లామందిరమునకు వేంకటేశ్వరుని దర్శనమునకై పోవుదురు గదా! ఆ చెంతనే బిర్లా విజ్ఞానప్రదర్శనశాల యున్నది. అందు నిలిపియున్నది కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అను జంతువు. నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి యొద్ద దొరకినది. భారత భూగర్భసర్వేక్షణశాఖకు చెందిన యాదగిరిగారు 1988లో దీనికి పేరు పెట్టిరి. ఒక తెలుగుపల్లె పేరు ఈ విధముగా ప్రపంచపు గ్రంథములకెక్కినది. అచ్చట పండ్రెండు జంతువులకు తక్కువ గాకుండ కలగలిసిన 840 యెముకలు లభించినవి. కావున మీరు చూచు కంకాళము ఒక్క దేహము గాదు, పలు దేహముల కూర్పు. కాలమును చెప్పవలెనన్న సుమారు 18 కోట్ల యేండ్లు. మన గణితములో మహాయుగమునకు 43,20,000 సంవత్సరములు గనుక, ఇంచుమించు 42 మహాయుగములు. పంచాంగము చూచుట కలవాటు పడినవారికి ఈ సంఖ్య భయము కలిగింపదు. పాశ్చాత్యులే దీనికి అలవాటుపడుటకు నూరేండ్లు పట్టినది.

ఇక గీయుట. మన శిల్పశాస్త్రమున ప్రతిమకు తాళప్రమాణము చెప్పిరి. ముఖము పొడవును ఒక తాళముగా తీసికొని, దానితో దేహమంతయు కొలుతురు. నేను పిల్లలకు ఈ పద్ధతియే చెప్పుచుంటిని. కాని యిచ్చట నొక చిక్కు వచ్చినది. బరపాసారసునకు తల దొరకలేదు! కోటాసారసునకును దొరకలేదు. మొదటిదానికి కొన్ని పండ్లు, రెండవదానికి రెండే పండ్లు. ఈ జాతి జంతువుల కపాలపుటెముకలు పలుచనివి, వదులుగా అతికియుండునవి. దేహము కుళ్లగానే తల ముందుగా విడిపోయి వరదలో కొట్టుకొనిపోవును. కావున హైదరాబాదులో కోటాసారసునకు మీరు చూచు తల మనుష్యులు ఊహించి చేసి పెట్టినది. తల లేనప్పుడు ముఖము కొలతగా పనికిరాదు. తొడయెముకనే తాళముగా గ్రహింపవలెను. బరపాసారసు దేహము తోక కొనవరకు సుమారు ఎనిమిది తొడయెముకల పొడవు. పొడవైన కాగితముమీద ఈ ఎనిమిది భాగములను ముందు గుర్తు పెట్టుకొన్నచో బొమ్మ చెడదు.

పిదప వెన్నెముక గీత. ఇది కంకాళమునకు దూలము. దారమునకు రాయి కట్టి కంటికెదురుగా వ్రేలాడదీసి, దారమునకు ముందేమి యున్నది, వెనుకనేమి యున్నది చూచుకొనవలెను. తుంటి, భుజము, కాళ్లు, ఈ వరుసను గీసి, ప్రక్కటెముకలను చివరకు వదలవలెను. పిల్లలు ప్రక్కటెముకలతో మొదలుపెట్టుదురు. అవి చూపునకు ఇంపుగా నుండును గాని, వానిని నమ్మిన బొమ్మ దడికట్టినట్లు తయారగును. వెలుగు ఎడమవైపు పైనుండి పడునట్లు గీయుట శాస్త్రచిత్రములందు ఆచారము. అందరును అట్లే గీసినచో గుంటయేదో మిట్టయేదో చూచినవారికి సందేహము రాదు. నీడకు పిల్లలు బొగ్గు రుద్దుదురు. రుద్దరాదు, చుక్కలు పెట్టవలెను. ప్రదర్శనశాలలో ముందుగా అనుమతి యడిగి, పెన్సిలు మాత్రమే తీసికొనిపోవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది గీతలలో భేదము. నైయాయికులు ప్రత్యక్షమును అనుమానమును వేరుచేసిరి. గోదావరి పొంగుట చూచి ఎగువను వాన కురిసినదని తెలిసికొనుట శేషవదనుమానము, కార్యమునుండి కారణమునకు పోవుట. ఎముకమీద గరుకైన గట్టు కనబడినచో అచ్చట బలమైన కండ యొకటి పట్టుకొనియుండెనని చెప్పుటయు అట్టిదే. తొడయెముక తల లోపలివైపునకు తిరిగియున్నచో కాలు స్తంభమువలె దేహముక్రింద నిలిచెను గాని, తొండకాలివలె ప్రక్కకు చాపుకొనలేదని చెప్పవచ్చును. కనబడిన యెముకకు నిండుగీత, యుక్తిచే తెలిసినదానికి చుక్కలగీత. ఈ రెండింటిని కలిపివేసిన బొమ్మను నేను దిద్దను, తిప్పి పంపుదును. చర్మపు రంగు విషయమున మన గోదావరి జంతువుల యెముకలు మాటాడవు. అందుచేత రంగులపెట్టె ఇంటిలోనే యుంచి రమ్మందును. పిల్లలకు దీనివలన కొంత విచారము.

ఈ కాఠిన్య మెందుకని యడుగవచ్చును. ఇంగ్లండులో మాంటెల్ అను వైద్యుడు ఒక పెద్దజంతువు పండ్లను చూచి 1825లో ఇగ్వానొడాన్ అని పేరు పెట్టెను. దానితో కొమ్మువంటి యెముక యొకటి దొరకినది. ఖడ్గమృగమును తలచుకొని ఆయన దానిని ముక్కుమీద పెట్టెను. డైనోసారు అను పేరును కల్పించిన ఓవెన్ పండితుని యాజమాన్యమున హాకిన్స్ అను శిల్పి 1854లో లండను క్రిస్టల్ ప్యాలెస్ తోటలో ఆ జంతువును నిలువెత్తు విగ్రహముగా చేసెను. ముక్కున కొమ్ము, నాలుగు లావుకాళ్లు. ఆ విగ్రహము నేటికిని అచ్చట నున్నది. తరువాత 1878లో బెల్జియములోని బెర్నిసార్ అను చోట బొగ్గుగనిలో, వేయి అడుగులకు పైబడిన లోతున, ఇవే జంతువుల కంకాళములు ముప్పదికి తక్కువ గాకుండ చెదరక దొరకినవి. డొల్లో అను శాస్త్రజ్ఞుడు పరిశీలింపగా ఆ కొమ్ము ముక్కుది కాదు, చేతి బొటనవ్రేలిది! డొల్లో దానిని కంగారువలె నిటారుగ నిలిపెను. 1980లో నార్మన్ అను పండితుడు పరీక్షించి, అట్లు నిలుపుటకు తోకను విరుగగొట్టినట్లే వంపవలసివచ్చినదనియు, గట్టిపడిన నరములచే ఆ తోక వాసమువలె బిగుసుకొనియుండుననియు చూపెను. ఊహించుట తప్పుగాదు. ఊహను నిండుగీతతో గీయుటచేత రెండు తరముల పిల్లలు ముక్కుకొమ్మునే చదువుకొనిరి.

ఇంగ్లండు తలపునకు రాగా మరియొక ముచ్చట. లైమ్ రీజిస్ అను సముద్రతీరగ్రామమున మేరీ ఆనింగ్ అను పేద వడ్రంగి కూతురు కొండచరియలనుండి శిలాజములు తీసి యమ్ముకొని జీవించెడిది. ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్‌పాట్. సిరాను చిమ్ము కణవచేపవంటి పూర్వప్రాణుల సిరాతిత్తులు కూడ అచ్చట రాయై దొరకును. వానిని నూరి నీట కలిపినచో మంచి సిరా యగును. 1833లో ఫిల్‌పాట్ ఒక పూర్వకాలపు సముద్రజంతువు కపాలమును ఆ సిరాతోనే చిత్రించి యొక లేఖలో పంపెను. ఆ కాలపు జంతువును ఆ కాలపు సిరాతోనే! ఈ కథ చెప్పిననాడు మా అరుగుమీద పిల్లలు చీకటిపడినను లేవలేదు.

హైదరాబాదుకు పోలేనివారి సంగతి యేమి? ముందు ఊరిబయట ఎండియున్న ఎద్దు కంకాళమును గీయవలెను. ఎద్దు వెనుకకాలిలో వెనుకకు పొడుచుకొనివచ్చిన కీలును మనము మోకాలందుము. అది మడమ. మోకాలు పైన, పొట్ట దగ్గర నుండును. ఈ యొక్క సంగతి కంటికి తెలిసినవాడు ఏ పూర్వజంతువు కాలునైనను సరిగా గీయగలడు, తెలియనివాడు ఎన్ని ప్రదర్శనశాలలు తిరిగినను గీయలేడు. రాజమహేంద్రవరము దగ్గరివారికి కాటేరు, పంగిడి ప్రాంతములందు నల్లరాతిపొరల నడుమ సున్నపురాతిలో ఆలుచిప్పలు, మెలికల గుల్లలు కలవు. లావా పారిన కాలమున అచ్చటికి సముద్రము వచ్చియుండుటకు అవి సాక్షులు. బేతంచర్ల దగ్గరి బిల్లసర్గము గుహలలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు 1884, 1885 సంవత్సరములలో త్రవ్వించి పెక్కు జంతువుల యెముకలను తీసిరి. అందు ఖడ్గమృగపు టెముకలున్నవి. నేడు మన సీమలో ఖడ్గమృగము లేదు గదా! దానికి కర్నూలు పేరే పెట్టిరి.

ఇక గ్రామపెద్దలైన మీతో నాకు పని యున్నది. మెట్టపొలమున, వాగుగట్టున, కంకరక్వారీలో ఇట్టి రాళ్లు బయటపడినప్పుడు వానిని ముందుగా చూచువారు కూలీలు, గొర్రెలకాపరులు. పెద్దయెముక యైనచో బకాసురునిది యందురు, చిన్నదైనచో విసరివేయుదురు. మిగిలినది కంకరయంత్రములో పడును. 18 కోట్ల యేండ్లు నిలిచినది ఒక జాములో రోడ్డు క్రిందికి పోవును. వారు మీమాట విందురు. కదలింపవద్దని చెప్పుడు. ఎముక యే పొరలో, ఏ దిక్కునకు పడియున్నదో అదియే సగము శాస్త్రము. పెరికి తెచ్చి రచ్చబండమీద పెట్టినచో ఆ సగము పోయినట్లే. నీళ్లుపోసి కడుగరాదు, గడ్డపారతో మట్టి గీకరాదు. పైన గోనెపట్టా కప్పి నాలుగు రాళ్లు పెట్టినచో చాలును. తీయుట నేర్చినవారు వచ్చి, విరిగిన కాలికి కట్టు కట్టినట్లు గుడ్డయు ప్లాస్టరును చుట్టి, చుట్టునున్న మట్టితో సహా లేపుదురు.

వారు వచ్చులోపల గ్రామములో బొమ్మ వేయగల పిల్లవాడెవడైన నున్నచో అచ్చట కూర్చుండబెట్టుడు. ప్రక్కన ఒక అడుగుబద్ద పెట్టి, దానితో కూడ గీయవలెను. కాగితము మూలను ఉత్తరదిక్కునకు బాణపుగుర్తు, తేది, ఊరి పేరు, సర్వే నంబరు, నేలమట్టమునుండి లోతు వ్రాయవలెను. అట్టి రెండు ప్రతులు చేయించి, ఒకటి తహసీలుదారుగారికిని, ఒకటి హైదరాబాదులోని భారత భూగర్భసర్వేక్షణశాఖ కార్యాలయమునకును ఉత్తరముతో పంపుడు. మూడవ ప్రతిని పిల్లవానియొద్దనే యుండనిండు.